నివురు కింది నిప్పు, గాలిలోని ధూళి

దివ్య ఖుర్ఆన్‌లోని ఇబ్రాహీం సూరా 18వ ఆయతులో ఒక ఉపమానం ఉన్నది. ప్రభువును తిరస్కరించినవారి కర్మలు అక్కడ పెనుగాలికి చెదిరిపోయే బూడిదతో పోల్చబడ్డాయి. తరగతిలో ఈ ఆయతు దగ్గరికి వచ్చినప్పుడల్లా విద్యార్థులను నేనొక ప్రశ్న అడుగుతాను: "ఇంట్లో పొయ్యి బూడిద ఎత్తినవాళ్ళు మీలో ఎందరు?" నలుగురైదుగురు చేతులెత్తుతారు. ఆ నలుగురికీ ఉపమానం విడమరచి చెప్పవలసిన అవసరం ఉండదు. గాలికెక్కిన బూడిదను తిరిగి పోగు చేయడం ఎవరి తరమూ కాదని వాళ్ళకు తెలుసు.

ఈ వ్యాసం ఆ ఆయతుకు వ్యాఖ్యానం కాదు. మన ఇళ్ళలో తెల్లవారుజామున జరిగిపోయే, ఎవరూ ఒక పనిగా లెక్కపెట్టని ఒక చిన్న పని గురించి నాలుగు మాటలు చెప్పదలచాను. రాత్రి మండిన పొయ్యిలో, కుంపటిలో, నీళ్ళ బాయిలర్‌లో మిగిలిన బూడిదను ఎత్తి పారబోయడమే ఆ పని. అందులో రెండు అపాయాలున్నాయి. ఒకటి గాలిలోకి లేచే ధూళి, రెండవది నివురు కింద దాగిన నిప్పు. మొదటిది కొన్నేళ్ళలో ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. రెండవది ఒక్క పూటలో ఇంటిని కాల్చివేస్తుంది.

పొయ్యి నిజంగా పోయిందా?

గ్యాసు వచ్చాక ఇంకా బూడిద ఎక్కడిదని పట్టణాలలోని పాఠకులు అడగవచ్చు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం మొదలైంది. 2016 మే 1న కేంద్ర ప్రభుత్వం ఉజ్వల పథకాన్ని ప్రారంభించింది. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీపం-2 కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. వీటివల్ల లక్షలాది వంటగదుల్లో పొగ తగ్గింది. అల్‌హమ్దులిల్లాహ్, ఇది చిన్న మేలు కాదు.

అయినా రెడ్డిగూడెం, మైలవరం మొదలుకొని నందిగామ, జగ్గయ్యపేట వరకు మెట్ట ఊళ్ళలో ఏ వీధికి వెళ్ళినా పెరట్లో ఒక పొయ్యి కనిపిస్తుంది. 2022 ఏప్రిల్ 4 నుంచి ఈ ఊళ్ళన్నీ ఎన్టీఆర్ జిల్లాలో చేరినా, పెద్దవాళ్ళ నోట ఇప్పటికీ కృష్ణా జిల్లా మెట్ట అనే వస్తుంది. అన్నం, కూర గ్యాసు మీద వండుకున్నా స్నానాలకు వేణ్ణీళ్ళు మాత్రం చాలా ఇళ్ళలో కట్టె పొయ్యి మీదే కాగుతాయి. పత్తి తీత అయిపోయాక పీకిన పత్తి కట్టె, మిరప కట్టె, మామిడి తోటల్లో నరికిన కొమ్మలు, పిడకలు అన్నీ ఆ పొయ్యిలోకే పోతాయి.

కొన్ని పాత ఇళ్ళలో రాగి బాయిలర్ ఇంకా వాడుకలో ఉన్నది. చుట్టూ నీళ్ళు, నడుమ గొట్టంలో బొగ్గులు, అడుగున ఊచల కింద బూడిద రాలే అర. చలికాలం వస్తే ముసలివాళ్ళ మంచం దగ్గర, బాలింత గదిలో కుంపటి వెలుగుతుంది. వలీమా, అఖీఖా దావతుల్లో దేగ్ కింద కట్టెలు మండుతాయి, బిర్యానీ దమ్ముకు మూత మీద కూడా నిప్పులు పోస్తారు. రమజాన్‌లో హలీం భట్టీ, వీధి చివర బొగ్గుల ఇస్త్రీ పెట్టె ఉండనే ఉన్నాయి. ఇన్ని చోట్లా నిప్పు ఆరాక మిగిలేది బూడిదే. దానిని ఎవరో ఒకరు ఎత్తవలసిందే.

నేను వేసిన శిక్ష

పాతికేళ్ళ కిందటి మాట. అప్పుడు నేనొక చిన్న మదరసాలో కొత్తగా పాఠాలు చెబుతున్నాను. అరవై మంది పిల్లలకు వండే మత్బఖ్‌లో రెండు పెద్ద పొయ్యిలుండేవి. కట్టెలు దొరకని రోజుల్లో బొగ్గు కూడా వేసేవారు. ఫజ్ర్ తరువాత ఆ పొయ్యిల బూడిద ఎత్తడం పిల్లల వంతు. సబఖుకు ఆలస్యంగా వచ్చినవాడికి ఆ వంతు అదనంగా వేయడం నేను పెట్టిన నియమం. బెత్తం కన్నా అది మేలైన శిక్ష అని నా నమ్మకం.

ఆ ఏడు చలికాలంలో పన్నెండేళ్ళ పిల్లవాడొకడు వరుసగా ఆలస్యంగా రాసాగాడు. పత్తి కూలీల ఇంటి పిల్లవాడు, నోట్లో నాలుక లేనివాడు. కారణం నేను అడగలేదు, వాడు చెప్పలేదు. ఏడు రోజులు వాడి చేతనే బూడిద ఎత్తించాను. ఎనిమిదో రోజు మా వంట పెద్దాయన తరగతి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"హజ్రత్, ఒక మాట. ఈ పిల్లవాడు రాత్రంతా దగ్గుతున్నాడు. తెల్లవారుజామున గానీ కన్ను మూతపడటం లేదు. అందుకే ఆలస్యం. ఆలస్యమైందని మీరు బూడిద దగ్గరికి పంపుతున్నారు. ఆ ధూళి పీల్చి మళ్ళీ రాత్రి దగ్గుతున్నాడు. దీనికి అంతెక్కడ హజ్రత్?"

పిల్లవాడికి చిన్ననాటి నుంచి ఉబ్బసం ఉన్నదని ఆనాడు తెలిసింది. డాక్టరుకు చూపించాం. నన్ను మన్నించమని వాడిని అడిగాను. వాడు తల వంచుకుని నిలబడ్డాడు తప్ప మాట్లాడలేదు. మర్నాటి నుంచి బూడిద పార నేనే పట్టుకున్నాను.

మా వంట పెద్దాయన వయసులో ఉన్న రోజుల్లో ఎల్లందు, కొత్తగూడెం వైపు బొగ్గు గనుల ఊళ్ళలో వంట పని చేసినవాడు. ఎల్లందు ప్రాంతంలో 1889 నుంచి బొగ్గు తవ్వకం సాగింది. ఆ ఊళ్ళలో ఇళ్ళలో కూడా బొగ్గు పొయ్యిలు వాడేవారు. రోజూ తట్టలకొద్దీ బూడిద ఎత్తిన అనుభవం ఆయనది. ఇక్కడ నేను రాస్తున్న పద్ధతిలో సగం ఆయన నేర్పినదే. మిగిలిన సగం తరువాత చదివి, వైద్యులను అడిగి తెలుసుకున్నది.

కట్టె బూడిద వేరు, బొగ్గు బూడిద వేరు

బూడిద అంతా ఒకటేనని అనుకోవడం మొదటి పొరపాటు. పది కిలోల మంచి ఎండు కట్టె పూర్తిగా కాలితే మిగిలే బూడిద సుమారు నూరు, రెండు వందల గ్రాములు. అదే పది కిలోల మన దేశపు రాక్షసి బొగ్గు కాలితే మూడు, నాలుగు కిలోల బూడిద మిగులుతుంది. వరి ఊక బరువులో దాదాపు ఐదో వంతు బూడిదగా మిగులుతుంది. పిడకల బూడిద కూడా కట్టె బూడిద కన్నా చాలా ఎక్కువ.

గుణంలోనూ తేడా ఉన్నది. కట్టె బూడిదలో సున్నపు లవణాలు, పొటాషియం లవణాలు అధికం. అది తడిస్తే క్షారమవుతుంది. పూర్వం బట్టలు ఉతకడానికి బూడిద నీళ్ళు వాడినది అందుకే. అదే కారణం చేత తడి బూడిద చాలాసేపు చేతికి అంటుకుంటే చర్మం మండుతుంది, కంట్లో పడితే మరింత ప్రమాదం. రాక్షసి బొగ్గు బూడిదలో సిలికా, అల్యూమినా, ఇనుపు ఆక్సైడులు ప్రధానం. కొద్ది మోతాదులో ఆర్సెనిక్, సీసం, పాదరసం వంటివి కూడా ఉంటాయి. అందుచేత మన అమ్మీలు గిన్నెలు తోమిన బూడిద కట్టె బూడిద కాబట్టి చెల్లింది. రాక్షసి బొగ్గు బూడిదతో గిన్నెలు తోమరాదు.

ఇక్కడ కొందరు సోదరీమణులు అడిగే ఒక సందేహానికి సమాధానం చెప్పాలి. బూడిద పడిన బట్టలతో నమాజు చేయవచ్చునా? చేయవచ్చు. పిడకల బూడిద విషయంలో కూడా, పదార్థం స్వరూపమే మారిపోయింది కనుక అది అశుద్ధం కాదన్నదే హనఫీ ఫిఖ్హ్‌లో ఫత్వాకు ఆధారమైన అభిప్రాయం. అయితే తయమ్ముమ్‌కు బూడిద పనికిరాదు, అది మట్టి జాతికి చెందినది కాదు.

ఊపిరిలోకి పోయేది

బూడిద ధూళిలో కంటికి కనిపించే రేణువులు పెద్దవి. అవి ముక్కులో, గొంతులో చిక్కుకుని తుమ్ముతో, దగ్గుతో బయటికి వస్తాయి. కంటికి కనిపించనివే ప్రమాదకరం. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. పది మైక్రాన్ల రేణువు కదలని గాలిలో కొద్ది నిమిషాల్లో నేలకు దిగుతుంది. రెండున్నర మైక్రాన్ల రేణువు దిగడానికి గంటలు పడుతుంది, ఈలోగా శ్వాసతో పాటు ఊపిరితిత్తుల లోతుకు చేరుతుంది. అంటే ఆరు గంటలకు బూడిద ఎత్తిన గదిలో ఏడు గంటలకు పిల్లలు కూర్చుని పాఠం చదువుకుంటే, ఆ ధూళిలో కొంత వాళ్ళు పీలుస్తూనే ఉంటారు. గది శుభ్రంగా ఉన్నట్టే కనిపిస్తుంది.

ఇళ్ళలోని వాయు కాలుష్యం వల్ల 2020లో ప్రపంచవ్యాప్తంగా 32 లక్షల మంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో ఐదేళ్ళలోపు పిల్లలే 2,37,000 మందికి పైగా ఉన్నారు. ఈ లెక్కలో అధిక భాగం పొయ్యి పొగదే. బూడిద ధూళి పాలు దానికన్నా తక్కువ. కానీ పొగ నుంచి మనం కళ్ళు మండి పక్కకు తప్పుకుంటాం. ధూళి కంటిని మండించదు, వాసన రాదు, కనుక ఎవరూ తప్పుకోరు. వంగి, ముఖం పొయ్యి దగ్గరికి చేర్చి, దానిని నేరుగా పీలుస్తాం. ఉబ్బసం ఉన్నవారికి, గుండె జబ్బు ఉన్న పెద్దవారికి, గర్భిణులకు, పసిపిల్లలకు ఆ కొద్దిపాటి ధూళి కూడా ఎక్కువే.

నివురు మోసం

నివురు గప్పిన నిప్పు అనే మాట మనకు సామెతగా మిగిలింది గానీ, అది పొయ్యి దగ్గర పుట్టిన మాట. కణిక మీద బూడిద పరచుకుంటే గాలి తక్కువగా తగులుతుంది, వేడి బయటికి పోదు. ఆ కణిక మండదు, ఆరదు. రాత్రి కణికల మీద బూడిద కప్పి, పొద్దున్నే దానిని తొలగించి పొయ్యి రాజేయడం మన నానీలు, దాదీలు చేసిన పనే. పెరట్లో దాలి నింపాదిగా కాగడం కూడా ఈ గుణం వల్లనే.

అదే గుణం పారబోసిన బూడిదలో శత్రువవుతుంది. లోతైన బూడిద కుప్పలో కణికలు మూడు, నాలుగు రోజుల వరకు వేడిగా ఉండగలవు. పైన చేయి పెడితే చల్లగానే ఉంటుంది. దానిని ప్లాస్టిక్ తొట్టిలో పోస్తే తొట్టి కరుగుతుంది. పెంట దిబ్బ మీద పోస్తే మధ్యాహ్నపు గాలికి చెత్త రాజుకుంటుంది. పక్కనే గడ్డివామో, పత్తి కట్టె మోపులో ఉంటే ఇక చెప్పనవసరం లేదు. మెట్టలో ఎండాకాలపు పడమటి గాలికి ఒక్క కణిక చాలు.

మదీనాలో ఒక రాత్రి ఒక ఇల్లు కాలిపోయిందని విన్నప్పుడు మహనీయ ముహమ్మద్ ప్రవక్త (స) నిప్పును మనిషికి శత్రువుగా పేర్కొని, నిద్రించే ముందు దానిని ఆర్పివేయమని ఆదేశించినట్టు అబూ మూసా అష్అరీ (ర.అ) ఉల్లేఖించారు. బుఖారీలోనూ ముస్లింలోనూ ఈ హదీసు ఉన్నది. పొయ్యి పైకి ఆరినట్టు కనిపించినంత మాత్రాన ఆ ఆదేశం నెరవేరినట్టు కాదు. నివురు కింద ఏముందో చూసుకున్నప్పుడే అది నెరవేరుతుంది.

బాలింత గదిలో కుంపటి

చిల్లా నలభై రోజులూ బాలింతకు, బిడ్డకు వెచ్చదనం కావాలని మంచం కింద కుంపటి పెట్టడం మన ప్రాంతంలో పాత అలవాటు. సాంబ్రాణి కూడా అందులోనే వేస్తారు. చలిగాలి రాకుండా తలుపులు, కిటికీలు మూస్తారు. ఉద్దేశం మంచిదే, ఫలితం ప్రాణాంతకం కావచ్చు.

పొగ రాని నిప్పు హాని చేయదనుకోవడం పొరపాటు. ఎర్రగా కాలుతున్న బొగ్గు నుంచి, నివురు కప్పిన కణిక నుంచి కూడా కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు వెలువడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్‌కు అది ప్రాణవాయువు కన్నా రెండు వందల రెట్లకు పైగా బలంగా అంటుకుంటుంది. తలనొప్పి, వికారం, మత్తు, ఆపైన స్పృహ తప్పడం. తల్లి నిద్రపోతున్నదని ఇంట్లోవాళ్ళు అనుకుంటారు. కాబట్టి మూసిన గదిలో కుంపటి వద్దు. బిడ్డకు మెత్తని బట్టలు, టోపీ, తల్లి ఒంటి వెచ్చదనం చాలు. నీళ్ళ సంచిలో వేడి నీళ్ళు పోసి పక్కను ముందుగా వెచ్చబరచి, బిడ్డను పడుకోబెట్టే ముందు దానిని తీసివేయవచ్చు. కుంపటి తప్పనిసరి అయితే నిప్పు వరండాలోనే ఉండాలి, నిద్రపోయే వేళకు గదిలో అస్సలు ఉండరాదు. దాని బూడిదను బాలింత గదిలో ఎత్తరాదు. కుంపటిని కదలకుండా ఆరుబయటికి తీసుకువెళ్ళి అక్కడే ఖాళీ చేయాలి.

బూడిద ఎత్తే పద్ధతి

మా వంట పెద్దాయన నేర్పిన మొదటి పాఠం ఆగడం. నిప్పు ఆరిన వెంటనే బూడిద జోలికి పోరాదు. రాత్రి మండిన పొయ్యి బూడిదను మర్నాడు పొద్దు బాగా ఎక్కాక ఎత్తాలి. తెల్లవారుజామున చీకట్లో, తొందరలో ఎత్తితే కణికలు కనిపించవు, ధూళీ కనిపించదు.

ఎత్తే ముందు పిల్లలను, దగ్గు ఉన్నవారిని దూరంగా పంపాలి. మంచినీళ్ళ బిందెలు, వండిన పదార్థాలు మూతలు పెట్టాలి. వంటగదిలోని పొయ్యి అయితే తలుపులు, కిటికీలు తీయాలి, ఫ్యాను మాత్రం ఆపాలి. పెరట్లో అయితే గాలి ఎటు వీస్తున్నదో చూసి, గాలికి వీపు చూపి కూర్చోవాలి. ముక్కుకు, నోటికి అడ్డంగా దుపట్టా కొంగు కట్టుకోవడం మంచిదే గానీ, బట్ట పెద్ద రేణువులనే ఆపుతుంది. మందుల దుకాణంలో దొరికే ఎన్-95 మాస్కు సన్నని వాటినీ ఆపుతుంది. ఉబ్బసం ఉన్నవారు ఏ మాస్కు పెట్టుకున్నా ఈ పనికి దిగకపోవడమే మేలు.

బూడిద ఎత్తడానికి మూత ఉన్న ఇనుప బకెట్టు కావాలి. ప్లాస్టిక్ తొట్టి, గోనెసంచి, అట్టపెట్టె, వెదురు తట్ట పనికిరావు. చిన్న ఇనుప పారతో కొద్దికొద్దిగా, నెమ్మదిగా తీయాలి. పారను బకెట్టు అడుగుదాకా దించి, అక్కడ వంచాలి. పైనుంచి గుమ్మరిస్తేనే ధూళి లేస్తుంది. ప్రతిసారీ మూత వేయాలి. తీస్తూ తీస్తూ కణిక ఎర్రగా కనిపిస్తే అక్కడే ఆపి, మరొక పూట ఆగాలి.

నీళ్ళు ఎప్పుడు చల్లాలన్నది ముఖ్యం. వేడి బూడిద మీద చెంబుతో నీళ్ళు గుమ్మరిస్తే ఒక్కసారిగా ఆవిరి లేచి, వేడి బూడిదను ముఖాన చిమ్ముతుంది. చేతులు, కళ్ళు కాలుతాయి. చల్లారిన బూడిద మీదనే, ముగ్గుకు ముందు కళ్ళాపి చల్లినంత తేలికగా, వేళ్ళతో చిలకరించాలి. బురద చేయనవసరం లేదు, పైపొర తేమగా అయితే చాలు. ధూళి సగానికి పైగా అక్కడే అణగిపోతుంది.

మిగిలిన బూడిదను పొడి చీపురుతో ఊడ్వరాదు. తడి గుడ్డతో తుడవాలి. నోటితో ఊదడం, ఊదుగొట్టంతో బూడిద ఎగరగొట్టడం అసలే వద్దు. పొయ్యి రాజేయాలంటే ముందు బూడిద తీసివేసి, తరువాతనే ఊదాలి. పట్టణాల్లో కొందరు వాక్యూమ్ క్లీనర్ వాడుతున్నారు. సాధారణ యంత్రం సన్నని ధూళిని పట్టలేక వెనుక నుంచి గదిలోకే వదులుతుంది. ఒక్క కణిక లోపలికి పోతే లోని సంచి అంటుకుంటుంది.

బాయిలర్ అర విషయంలో మరొక జాగ్రత్త. అరను బయటికి లాగేటప్పుడు కుదుపుతో ధూళి లేస్తుంది. అర కింద తడి గోనెపట్టా పరచి, నెమ్మదిగా లాగి, దానిమీదే ఉంచి, తరువాత బకెట్టులోకి మార్చాలి. పని ముగిశాక చేతులు, ముఖం సబ్బుతో కడుక్కుని, నోరు పుక్కిలించాలి. ఆ బట్టలతోనే పసిబిడ్డను ఎత్తుకోరాదు.

ఎత్తిన బూడిద ఎక్కడికి?

మూత పెట్టిన బకెట్టును ఇంటికి, గడ్డివాముకు, కట్టె మోపులకు కనీసం పది అడుగుల దూరంలో, మట్టి నేల మీదనో బండ మీదనో నాలుగు రోజులు ఉంచాలి. ఆ తరువాతే అది నిజంగా బూడిద. రెండు బకెట్లుంటే ఒకటి నిండేలోగా రెండవది చల్లారుతుంది.

కట్టె బూడిదకు ఉపయోగాలు చాలా ఉన్నాయి. పెరటి పాదుల్లో కొద్దిగా వేస్తే పొటాష్ అందుతుంది. చౌడు నేలలో మాత్రం వేయరాదు. యూరియాతో కలిపి వేయరాదు, నత్రజని ఆవిరై పోతుంది. విత్తనానికి దాచే పెసలు, కందులు బూడిదలో కలిపి ఉంచితే పురుగు పట్టదని మన రైతు ఇళ్ళలో అందరికీ తెలుసు. చిక్కుడు పాదు మీద పేనుబంకకు బూడిద చల్లేవారు మంచు తడి ఉన్న వేళ, గాలి లేనప్పుడు, ముఖం పక్కకు తిప్పి చల్లాలి.

బూడిద తక్కువ వస్తువు కాదు. ఉహుద్ యుద్ధంలో దైవప్రవక్త (స) ముఖానికి తగిలిన గాయం నుంచి రక్తం ఆగకపోతే, హజ్రత్ ఫాతిమా (ర.అ) చాప ముక్కను కాల్చి ఆ బూడిదతో రక్తాన్ని ఆపినట్టు బుఖారీలో ఉన్నది. యుద్ధభూమిలో చేతికి అందిన సాధనం అది. ఈనాడు దానిని చూపి పొయ్యిలోని పాత బూడిదను గాయం మీద, పుట్టిన బిడ్డ బొడ్డు మీద వేయడం తగదు. దానివల్ల ధనుర్వాతం రావచ్చు.

రాక్షసి బొగ్గు బూడిదను కూరగాయల మడిలో వేయరాదు, బావి దగ్గర, చెరువు గట్టున పోయరాదు. ఊరికి దూరంగా గొయ్యి తీసి, పోసిన ప్రతిసారీ తడిపి మట్టి కప్పాలి. ఏ బూడిద అయినా దారిలో పోయడం మాత్రం తప్పే. దారిలోని హానికర వస్తువును తొలగించడం విశ్వాసంలో భాగమని హదీసు నేర్పుతుంది. మన గుమ్మం శుభ్రం చేసుకుని, ఆ ధూళిని పొరుగువారి ముంగిట్లోకి గాలికి వదలడం ఆ బోధకు పూర్తిగా విరుద్ధం.

పెద్ద పొయ్యి చెప్పే పాఠం

మన మెట్టకు చేరువలో ఒక పెద్ద పొయ్యి ఉన్నది. ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం. అందులో మొదటి యూనిట్ 1979లో పనిచేయడం మొదలైంది. మన పొయ్యిలో చారెడు బూడిద మిగిలితే అక్కడ గుట్టలు మిగులుతాయి. అక్కడి ఇంజనీర్లు చేసే పని మాత్రం మా వంట పెద్దాయన చెప్పినదే. పొగ గొట్టంలోకి పోయే సన్నని బూడిదను విద్యుదావేశంతో పట్టి ఆపుతారు. బూడిదను నీళ్ళతో కలిపి చెరువుకు పంపుతారు. చెరువు ఎండి పైపొర పొడిబారితే గాలికి లేస్తుంది కనుక తడిపి ఉంచాలి. లారీల్లో తరలించేటప్పుడు కప్పి తీసుకువెళ్ళాలి. తడి, మూత, గాలి మీద గమనిక, ఈ మూడే అక్కడా సూత్రాలు. ఈ మూడింటిలో ఏది తప్పినా చుట్టుపక్కల ఇళ్ళ గిన్నెల మీద బూడిద పేరుకుంటుంది.

థర్మల్ కేంద్రాల బూడిదను వృథాగా పోగు పెట్టక వాడుకలోకి తేవాలని కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 1999 సెప్టెంబరు 14న ఉత్తర్వు ఇచ్చింది. 2021 డిసెంబరు 31న దానిని మరింత కట్టుదిట్టం చేసింది. పొజోలానా సిమెంటులో 15 నుంచి 35 శాతం వరకు ఈ బూడిద కలపడానికి భారతీయ ప్రమాణాలు అనుమతిస్తాయి. జగ్గయ్యపేట చుట్టూ సిమెంటు కర్మాగారాలున్న మన ప్రాంతంలో ఇది తెలియని ఇల్లు ఉండదు. గాలిలో ఉంటే జబ్బు తెచ్చే బూడిద గోడలో ఉంటే బలమిస్తుంది.

ఇళ్ళ బొగ్గు పొయ్యిల నుంచి ఒక మహానగరమే పాఠం నేర్చుకున్న సందర్భం కూడా ఉన్నది. మనం రోజూ వాడే డస్ట్‌బిన్ అనే మాటలో డస్ట్ అంటే మొదట ఇంగ్లండు ఇళ్ళ బొగ్గు బూడిదే. దానిని తీసుకుపోవడానికి వీధివీధికీ బండ్లు వచ్చేవి. అంటే బూడిద ఇంటివాళ్ళ బాధ్యత మాత్రమే కాదు, ఊరి బాధ్యత కూడా అని వాళ్ళు గుర్తించారు. అయినా పొగ విషయంలో ఆలస్యం చేశారు. 1952 డిసెంబరు 5 నుంచి 9 వరకు లండన్‌ను కమ్మిన బొగ్గు పొగమంచుకు వేలాది మంది బలయ్యారు. 1956లో స్వచ్ఛమైన గాలి కోసం చట్టం వచ్చింది. మన పంచాయతీల చెత్త బండ్లు కూడా చల్లారిన బూడిదకు విడిగా ఒక ఇనుప డబ్బా పెడితే దిబ్బల మీద మంటలు చాలావరకు తగ్గుతాయి. గ్రామసభలో ఈ మాట అడగడానికి మనకు ఎవరూ అడ్డు లేరు.

ఇది ఎవరి పని?

చివరిగా పురుషులకు ఒక మాట. బూడిద ఎత్తడం మన ఇళ్ళలో ఎవరి వంతు? కోడలిది, లేదా బడికి వెళ్ళబోయే ఆడపిల్లది. వయసు మీరిన అమ్మీ ఒంటరిగా ఉంటే ఆమెదే. ఏళ్ళ తరబడి పొగ పీల్చిన ఊపిరితిత్తులకే ధూళిని కూడా అప్పగిస్తున్నాం. దైవప్రవక్త (స) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటివారి పనుల్లో సాయపడేవారని హజ్రత్ ఆయిషా (ర.అ) తెలిపారు. ఆ సున్నత్‌ను గురించి మనం జుమా ప్రసంగాల్లో వింటాం. దానిని ఆచరించడానికి పెరట్లో పొయ్యి ఎదురు చూస్తున్నది. రోజుకు పది నిమిషాలు, ఒక ఇనుప బకెట్టు, ఒక చిన్న పార, గుప్పెడు నీళ్ళు.

ఇప్పుడు నేను పాఠాలు చెప్పే చోట వంట గ్యాసు మీదే జరుగుతుంది. దావతు రోజుల్లో, రమజాన్‌లో మాత్రం కట్టె పొయ్యిలు వెలుగుతాయి. మర్నాడు పొద్దెక్కాక బూడిద ఎత్తేది ఉస్తాదులమే. పెద్ద పిల్లలెవరైనా సాయానికి వస్తే, పార చేతికి ఇచ్చే ముందు "నీకు దగ్గు గానీ ఆయాసం గానీ ఉన్నదా బేటా?" అని అడుగుతాం.

పాతికేళ్ళ కిందట నేను ఆ ప్రశ్న అడగలేదు. ఏడు రోజులు గడిచాక మరొకరు వచ్చి చెప్పవలసి వచ్చింది. మీ ఇంట్లో రేపు ఉదయం బూడిద ఎత్తబోయే వారిని, పని మొదలయ్యే ముందే, మీరు ఆ మాట అడగండి.